బ్రౌజర్ అప్‌డేట్ తరువాత ప్రింటులో వత్తులు విడిపోతున్నాయి. అడిగితే పలికే నాథుడు లేడు

అరండల్‌పేట_డీటీపీ (గుంటూరు)

సభ్యులందరికీ నమస్కారం. గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ పనులూ, ఆన్‌లైన్ దరఖాస్తులూ చేసే చిన్న దుకాణం నాది. మొన్నటి అప్‌డేట్ నుంచి మేము వాడే బ్రౌజర్ కొత్త పేచీ పెడుతోంది. తెర మీద తెలుగు చక్కగానే కనబడుతుంది, ప్రింటు ఇచ్చేసరికి మాత్రం వత్తులన్నీ ఊడి పక్కకు వస్తున్నాయి. "దరఖాస్తుదారు" అన్న మాటలో "స"కు పొల్లు పెట్టి, దాని పక్కన "తు"ను విడిగా వేస్తోంది. "కృష్ణా జిల్లా"లో ణ వత్తు ఉండవలసిన చోట చుక్కల వలయం పడుతోంది. "స్త్రీ / పురుషుడు" అన్న గడిలో స్త్రీ మూడు ముక్కలయింది. ఇంగ్లీషు అక్షరాలకూ అంకెలకూ ఏ ఇబ్బందీ లేదు కాబట్టి కాగితాన్ని పైపైన చూసి ఇచ్చేస్తే తప్పు కంటపడదు; తీసుకువెళ్లిన మనిషి ఆఫీసు కౌంటరు దగ్గర నిలబడ్డాక గాని విషయం బయటపడదు. అప్పుడు ఆయన తిరిగి వచ్చి కోపగించుకునేది బ్రౌజర్ తయారుచేసిన వారి మీద కాదు, నా మీద.

ఇంకొక విచిత్రం ఏమిటంటే, దుకాణంలో పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకదానిలో ఈ తిప్పలు ఉన్నాయి, రెండవదానిలో లేవు. రెండింటికీ ప్రింటర్ ఒక్కటే, విండోస్ కూడా ఒక్కటే.

లోపాలు రావడం సహజమే, దానికి నేను ఇంత పొడుగు రాయను. అప్‌డేట్‌తో పాటు వచ్చిన గమనికలో ఏముందో చూడండి: "స్థిరత్వాన్నీ పనితీరునూ మెరుగుపరిచాము." అంతే. ఏది మార్చారో ఒక్క ముక్క లేదు. వారి సహాయ వేదికలో రాస్తే, "ఇది ఇదివరకే నమోదయిన సమస్య" అని నా ప్రశ్నను మూసివేసి, మరొక పేజీకి దారి చూపారు. ఆ పేజీ తెరిస్తే "దీనిని చూడటానికి మీకు అనుమతి లేదు" అని వస్తోంది. ఇంకెవరికైనా ఇదే అనుభవం ఉందా? పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

మిర్చియార్డు_గుమస్తా (గుంటూరు)

ఇందులో ఇంత మథనపడటానికి ఏముందండీ? ఇంకొక బ్రౌజర్ వేసుకుంటే సరిపోతుంది. మా కమిషన్ కొట్టులో మేము ఆ పనే చేశాము.

అరండల్‌పేట_డీటీపీ (గుంటూరు)

వేసి చూశాను గుమస్తా గారూ. ఒకటి వేస్తే అందులోనూ అదే తంతు. మరొకటి వేస్తే ప్రింటు బాగానే వచ్చింది గాని, మేము రోజూ తెరిచే సైట్లలో ఒకటి ఆ బ్రౌజర్‌లో తెరుచుకోనని మొరాయించింది.

బెంజిసర్కిల్_ఆడిటర్ (విజయవాడ)

ప్రింటు సంగతి నాకు తెలియదు, మా ఆఫీసులో తెలుగు ప్రింట్లు తక్కువ. అదే అప్‌డేట్ తరువాత మాకు వచ్చిన కష్టం వేరు. కంపెనీలూ ఎల్‌ఎల్‌పీలూ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థలు) జీఎస్‌టీ రిటర్నులను డిజిటల్ సంతకంతోనే దాఖలు చేయాలి. ఆ సంతకం పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది, దానిని చదివే చిన్న ప్రోగ్రాము మన కంప్యూటర్‌లోనే నడుస్తూ ఉంటుంది, జీఎస్‌టీ పోర్టల్ ఆ ప్రోగ్రాముతో 127.0.0.1 అనే చిరునామా మీద, అంటే మన కంప్యూటర్‌నే సూచించే చిరునామా మీద, మాట్లాడుతుంది. నిన్నటి దాకా పనిచేసిన ఈ ఏర్పాటు ఈ ఉదయం నుంచి "సంతకపు ప్రోగ్రాము నడవడం లేదు" అంటోంది. నడుస్తూనే ఉంది, కింద మూలన దాని గుర్తు కళ్లెదుట కనబడుతోంది.

ప్రతి నెలా వేసే మూడు-బి అనే జీఎస్‌టీ రిటర్ను గడువు 20వ తేదీ. గడువు దాటితే రోజుకు 50 రూపాయలు, లావాదేవీలు లేని రిటర్నుకైతే 20 రూపాయలు, కట్టవలసిన పన్ను ఉంటే దాని మీద వడ్డీ అదనం. మొత్తం చిన్నదే కావచ్చు. కాని బ్రౌజర్ మారింది కాబట్టి ఆలస్యమయిందని క్లయింటుకు చెబితే, ఆయన నన్ను ఎగాదిగా చూస్తాడు. పోర్టల్ సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే బ్రౌజర్‌లో చరిత్రను తుడిచివేయమన్నారు. బ్రౌజర్ వారి వేదికలో అడిగితే ఆ పోర్టల్ వారిని సంప్రదించమన్నారు. ఇద్దరి మధ్యా మేము అప్పడాల్లా నలుగుతున్నాము.

పరీక్షకుడు_బెజవాడ (విజయవాడ)

నేను సాఫ్ట్‌వేర్ పరీక్షల విభాగంలో పనిచేస్తాను, ఈ బ్రౌజర్ సంస్థలో మాత్రం కాదు. ముందుగా డీటీపీ గారి విచిత్రానికి జవాబు చెబుతాను. పక్కపక్క కంప్యూటర్లలో ఒకదానికి లోపం ఉండి మరొకదానికి లేకపోవడానికి కారణం విడతలవారీ విడుదల. కొత్త వెర్షన్‌ను ఒకేసారి అందరికీ పంపరు. మొదట కొద్ది శాతం మందికి పంపి, బ్రౌజర్ కూలిపోయిందన్న నివేదికలు పెరుగుతున్నాయా లేదా అని చూసి, తరువాత మిగతావారికి వదులుతారు. దానికి తోడు కొన్ని మార్పులు వెర్షన్‌లోనే నిద్రాణంగా ఉండి, సర్వర్ నుంచి మీట నొక్కినప్పుడు మేల్కొంటాయి. అందువల్ల వెర్షన్ సంఖ్య ఒకటే అయినా రెండు కంప్యూటర్లు రెండు రకాలుగా ప్రవర్తించవచ్చు. ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. బ్రౌజర్ కూలితే యంత్రం తనంతట తాను నివేదిక పంపుతుంది గాని, ణ వత్తు ఊడితే ఏ యంత్రమూ నివేదిక పంపదు. దానిని తెలుగు చదవగలిగిన మనిషే చూసి చెప్పాలి.

ఇక వేగం. ఇదివరకు క్రోమ్ కొత్త వెర్షన్ ఆరు వారాలకు ఒకసారి వచ్చేది; 2021 సెప్టెంబరులో వచ్చిన 94వ వెర్షన్ నుంచి దానిని నాలుగు వారాలకు కుదించారు. ఫైర్‌ఫాక్స్ అంతకుముందే, 2020 ఆరంభంలోనే, నాలుగు వారాల పద్ధతికి మారింది. నెలకు ఒక వెర్షన్ వస్తుంటే ప్రపంచంలోని ప్రతి లిపిలోనూ ప్రింటు తీసి చూసే తీరిక ఎవరికి ఉంటుంది?

వెనక్కి వెళ్లడం గురించి అడిగారు. పాత వెర్షన్ దించుకుని వేయడం కష్టం కాదు. మీరు దాచుకున్న పాస్‌వర్డ్‌లూ బుక్‌మార్కులూ ఉండే ఫోల్డర్‌ను కొత్త వెర్షన్ తన పద్ధతికి మార్చేసి ఉంటుంది, అసలు గొడవ అక్కడ. 2019 మేలో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ ఇటువంటి ఫోల్డర్‌ను పాత వెర్షన్‌తో తెరవనివ్వదు, కొత్త ప్రొఫైల్ మొదలుపెట్టమంటుంది. కనుక తొందరపడి ఏదీ తీసివేయకండి.

గుమస్తా గారు చెప్పిన ఉపాయం అన్నిసార్లూ పారదు. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా, వివాల్డి అన్నింటి అడుగునా ఉన్న మూల ప్రోగ్రాము క్రోమియమే. ఎడ్జ్ 2020 జనవరిలో ఆ గూటికి చేరింది. ఫైర్‌ఫాక్స్‌ది గెకో, సఫారీది వెబ్‌కిట్. లోపం అడుగున ఉంటే పైన పేరు మార్చినా అదే లోపం ఎదురవుతుంది.

కొరిటెపాడు_మాస్టారు (గుంటూరు)

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. నా కంప్యూటర్‌లో ఇప్పటికీ విండోస్ 7 ఉంది, బ్రౌజర్ కూడా పాతదే. మీ అందరి మాటలూ చదివి, నా పెన్షన్ తాలూకు తెలుగు పేజీ ఒకటి ప్రింటు తీసి చూశాను. వత్తులు ఎక్కడివక్కడ ఉన్నాయి. అప్‌డేట్ లేని నాకే సుఖంగా ఉన్నప్పుడు, మీరంతా అప్‌డేట్లను ఆపివేస్తే సరిపోదా? పనిచేస్తున్న వస్తువును చెడగొట్టుకోవడం ఏమి విజ్ఞత?

పరీక్షకుడు_బెజవాడ (విజయవాడ)

మాస్టారూ, మీ మాటను కాదనడానికి సంకోచంగానే ఉంది గాని, మీ సుఖం ప్రమాదంతో కూడుకున్నది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న మద్దతు ఆపింది. దాని మీద నడిచే ఆఖరి క్రోమ్ 109వ వెర్షన్, అది 2023 జనవరి నాటిది. అదే ఏడాది సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలను చదివే లిబ్‌వెబ్‌పీ అనే భాగంలో ఒక లోపం బయటపడింది. కావాలని తయారుచేసిన ఒక బొమ్మ ఉన్న పేజీ తెరిస్తే చాలు, దాడి చేసేవాడికి దారి దొరికేది. అప్పటికే దానిని దుర్వినియోగం చేస్తున్నారని గూగుల్ స్వయంగా చెప్పింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ వెంటనే సవరణలు విడుదల చేశాయి. అప్‌డేట్లు ఆపుకున్నవారికి ఆ తలుపు తెరిచే ఉంటుంది. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు మాత్రం చేయకండి.

భద్రతా సవరణనూ కొత్త సోకులనూ ఒకే పొట్లంలో కట్టి ఇవ్వడమే నాకు నచ్చని సంగతి. సవరణ కావాలంటే సోకునూ మింగాలి. దుకాణాలవారికి ఒక మధ్యేమార్గం ఉంది: ఫైర్‌ఫాక్స్‌లో ఈఎస్ఆర్ అనే శాఖ దాదాపు ఏడాది పాటు సదుపాయాలను మార్చకుండా భద్రతా సవరణలు మాత్రమే ఇస్తుంది; క్రోమ్‌లో సంస్థల కోసం ఎనిమిది వారాలకు ఒకసారి మారే శాఖ ఉంది.

వత్తులక్షరం (విజయవాడ)

గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సుకు ప్రూఫులు చూస్తాను కాబట్టి ఈ చర్చ చూడగానే చేతులు ఊరుకోలేదు. ఒక చిన్న వెబ్ పేజీ తయారుచేసి, ఒకే వాక్యాన్ని మూడుసార్లు రాశాను. వాక్యం ఇది: "స్త్రీల రాష్ట్ర స్వాతంత్ర్య ఉత్సవాన్ని కృష్ణా తీరాన జ్యోత్స్న చూసింది." అర్థం కోసం వెదకకండి, వత్తుల కోసమే కూర్చిన వాక్యం. మొదటి వరుసకు గౌతమి ఫాంటు, రెండవదానికి నిర్మలా యూఐ, మూడవదానికి పేజీతో పాటే దిగివచ్చే నోటో శాన్స్ తెలుగు పెట్టాను. ప్రింటర్‌కు పంపకుండా పీడీఎఫ్‌గా దాచాను. మొదటి రెండు వరుసలూ చెల్లాచెదురు, మూడవ వరుస మచ్చలేకుండా వచ్చింది. కాబట్టి ప్రింటర్ నిర్దోషి. తప్పు పీడీఎఫ్ తయారయ్యే చోట ఉంది. కంప్యూటర్‌లో ముందే ఉన్న ఫాంట్లకే ఈ గతి పడుతోంది, వెబ్ నుంచి వచ్చే ఫాంట్లకు పట్టడం లేదు.

ఎందుకు ఇలా జరుగుతుందో ఊహించగలను. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో వత్తులకు విడి సంకేతాలు లేవు. హల్లు, పొల్లు, హల్లు వరుసగా వస్తే, ఫాంటులో ఉన్న పట్టిక చూసి ఆ రెండవ హల్లును వత్తు రూపంలోకి మార్చాలి. ఆ పనిని క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ హార్ఫ్‌బజ్ అనే భాగం చేస్తుంది. తెర మీద అది సరిగానే జరుగుతోంది. పీడీఎఫ్‌లోకి మాత్రం ఫాంటు మొత్తాన్ని కాకుండా, ఆ పేజీకి కావలసిన ఆకారాలను ఏరి పెడతారు. అలా ఏరేటప్పుడు వత్తుల ఆకారాలు వదిలిపోతున్నట్టున్నాయి. ఇంగ్లీషుకు ఈ మార్పిడి పెద్దగా అవసరం లేదు కనుక అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు.

తాత్కాలికంగా ఒక దారి దొరికింది. బ్రౌజర్ చూపే ప్రింటు కిటికీని వాడకుండా, అందులో అడుగున ఉండే "సిస్టమ్ డైలాగ్ ద్వారా ప్రింట్ చేయి" అన్నదాన్ని ఎంచుకుంటే నా దగ్గర వత్తులు సరిగా పడ్డాయి. కంట్రోల్, షిఫ్ట్, పి మూడూ కలిపి నొక్కినా అదే కిటికీ వస్తుంది.

యూనికోడ్‌కు ముందు డీటీపీలో వాడిన అను ఫాంట్ల కాలంలో మాకు ఈ బాధ లేదని ప్రెస్సులో పెద్దలు అంటూనే ఉంటారు. ఆ మాటా నిజమే, అయితే అప్పుడు టైపు చేసినదాన్ని వెతుక్కోవడానికీ మరొకరికి పంపడానికీ ఎంత అవస్థ పడేవారో వారు చెప్పరు.

అరండల్‌పేట_డీటీపీ (గుంటూరు)

వత్తులక్షరం గారూ, మీకు శతకోటి దండాలు. ఆ మూడు మీటలతో నా దగ్గర కూడా ప్రింటు సరిగా వచ్చింది. పాడయిన ప్రింటు ఫొటో ఒకటి జతపరుస్తున్నాను.

నిర్వాహకులు

జతపరిచిన ఫొటోలో దరఖాస్తుదారు ఆధార్ సంఖ్యా, ఫోన్ నంబరూ స్పష్టంగా కనబడుతున్నందున దానిని తొలగించాము. నమూనా చూపదలచినవారు ఉత్తుత్తి వివరాలతో నింపిన పేజీనే పెట్టండి. ఇదే జాగ్రత్త తయారీదారులకు పంపే నివేదికలలో కూడా అవసరం, ఆ పేజీలలో చాలావరకు లోకమంతా చూడగలిగినవే.

లినక్స్_లక్ష్మీపురం (గుంటూరు)

లోపం ఎలా వచ్చిందన్నది కొంత తేలింది కాబట్టి, తయారీదారులు ఎలా మాట్లాడాలన్న రెండవ భాగం గురించి రాస్తాను. పెద్ద బ్రౌజర్లకు ఇంతకంటే పెద్ద ప్రమాదాలే జరిగాయి. అప్పుడు ఎవరు ఏమి చెప్పారో గుర్తు చేసుకోవడం మంచిది.

2019 మే 4న ఫైర్‌ఫాక్స్ వాడేవారిలో చాలామందికి యాడ్-ఆన్‌లు (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) పనిచేయడం మానేశాయి. వాటి సంతకాలను ధ్రువీకరించే మధ్యస్థ సర్టిఫికెట్ గడువు తీరిపోవడమే కారణం. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా అదే రోజు సమస్యను ఒప్పుకుంది, మరుసటి రోజు 66.0.4 వెర్షన్ ఇచ్చింది. సవరణను త్వరగా చేర్చడానికి మొదట వాడిన మార్గం పనిచేయాలంటే వాడుకదారులు సమాచార సేకరణకు అనుమతి ఇవ్వవలసి వచ్చింది. దాని మీద జనం నొచ్చుకున్నారు. అప్పుడు ఆ రోజుల్లో సేకరించిన సమాచారాన్ని తుడిచివేస్తామని ప్రకటించారు. ఆ తరువాత ఫైర్‌ఫాక్స్ సాంకేతికాధికారి ఎరిక్ రెస్కోర్లా, సర్టిఫికెట్ గడువు తీరాక ఏమి జరిగిందో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో పూసగుచ్చినట్టు రాశారు. ఆ వారాంతంలో నేనూ తిట్టుకున్నాను. ఆ వివరణ చదివాక మళ్లీ తిట్టలేదు.

అదే ఏడాది నవంబరులో క్రోమ్‌లో మరొకటి జరిగింది. కనబడని ట్యాబులకు శ్రమ తగ్గించే ఒక ప్రయోగాన్ని సర్వర్ నుంచి మీట నొక్కి ప్రారంభించారు. టెర్మినల్ సర్వర్ల మీద, అంటే చాలామంది ఒకే పెద్ద కంప్యూటర్‌ను పంచుకునే చోట, క్రోమ్ వాడే ఆఫీసులలో ట్యాబులు తెల్లగా ఖాళీ అయిపోయాయి. అక్కడి నిర్వాహకులు తాము ఏ అప్‌డేటూ వేయకుండానే ఇదెలా జరిగిందో తెలియక తలలు పట్టుకున్నారు. ప్రయోగాన్ని వెనక్కి తీసుకున్నారు గాని, మాకు చెప్పకుండా మా ఆఫీసు యంత్రాలలో ప్రయోగాలేమిటి అన్న ప్రశ్న అక్కడే మిగిలిపోయింది. పరీక్షకుడు గారు చెప్పిన నిద్రాణమైన మార్పులకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ డిసెంబరులోనే ఆండ్రాయిడ్‌లో క్రోమ్ 79 వచ్చినప్పుడు, యాప్ లోపలే వెబ్ పేజీలు చూపే వెబ్‌వ్యూ అనే భాగం మీద ఆధారపడిన కొన్ని యాప్‌లలో దాచుకున్న సమాచారం మాయమయింది. నిజానికి అది పోలేదు. కొత్త వెర్షన్ వేరే ఫోల్డర్‌లో వెతకడం మొదలుపెట్టింది, పాత సమాచారం పాత చోటనే ఉండిపోయింది. సుమారు సగం మందికి చేరాక విడుదలను ఆపారు. ఇక్కడ ఒక మేలు జరిగింది: నివేదిక పేజీ అందరికీ తెరిచే ఉంది, ఇంజనీర్లు తమ ముందున్న దారులు ఏమిటో అక్కడే చర్చించారు. కోపంతో వచ్చిన యాప్ తయారీదారులకు కనీసం పని జరుగుతోందని కనబడింది.

తెలుగువారికి బాగా గుర్తుండవలసినది 2018 ఫిబ్రవరి ఉదంతం. "జ్ఞా"ను ఒక ప్రత్యేకమైన వరుసలో రాసి పంపితే ఐఫోన్‌లో సందేశాల యాప్ కూలిపోయేది. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి, కొన్ని అక్షరాల వరుసల వల్ల యాప్‌లు కూలుతున్న సమస్యను సరిదిద్దామని గమనికలో రాసింది. ఒక్క వాక్యమే. డీటీపీ గారు అడుగుతున్నదీ అటువంటి ఒక్క వాక్యమే.

కొరిటెపాడు_మాస్టారు (గుంటూరు)

బాగా రాశారు నాయనా. అయినా ఒక సందేహం. వారు ఈ బ్రౌజర్‌ను మనకు ఉచితంగానే కదా ఇస్తున్నారు? పైసా పుచ్చుకోనివారిని సంజాయిషీ అడిగే హక్కు మనకు ఎంతవరకు ఉంది?

అరండల్‌పేట_డీటీపీ (గుంటూరు)

మాస్టారూ, ఉచితమన్న మాట పైకి మాత్రమే. తెరవగానే వచ్చే వెతుకుడు పెట్టె వల్ల వారికి ఆదాయం వస్తుంది. మేము వాడబట్టే ఆ పెట్టెకు విలువ. అదీగాక, నా అనుమతి అడగకుండా రాత్రికి రాత్రి నా కంప్యూటర్‌లో వస్తువును మార్చే అధికారం వారికి ఉన్నప్పుడు, ఏమి మార్చారో చెప్పే బాధ్యత కూడా ఉండాలి. నేను నష్టపరిహారం అడగడం లేదు. "తెలుగు వంటి లిపులలో ప్రింటు సమస్య ఉంది, పరిశీలిస్తున్నాము, అంతవరకు ఫలానా మార్గం వాడండి" అని ఎక్కడో ఒకచోట రాస్తే, ఆ పేజీని తెరిచి కస్టమర్‌కు చూపించుకుంటాను. ఇప్పుడు నా మాటకు సాక్ష్యం ఏదీ లేదు.

పరీక్షకుడు_బెజవాడ (విజయవాడ)

లోపలి వైపు నుంచి కూడా నాలుగు మాటలు చెప్పాలి. మౌనానికి అన్నిసార్లూ అహంకారమే కారణం కాదు. భద్రతకు సంబంధించినదేమో అన్న అనుమానం ఉంటే నివేదికను మూసి ఉంచడం మంచి పద్ధతే, లేకపోతే సవరణ చేరకముందే దుర్మార్గులు చదువుతారు. గమనికలు రాసేవారూ, కోడ్ రాసేవారూ, సహాయ వేదికలో జవాబులిచ్చేవారూ వేరువేరు మనుషులు. ఆ వేదికలలో చాలామంది స్వచ్ఛంద సేవకులు, లోపల ఏమి జరుగుతోందో వారికీ తెలియదు. కారణం తేలకుండా ఏమైనా అంటే తరువాత అదే మెడకు చుట్టుకుంటుందని పై అధికారుల భయం.

ఇవన్నీ ఒప్పుకున్న తరువాత కూడా, వత్తులు ఊడిన సంగతిని దాచడంలో ఏ భద్రతా లేదు. ప్రశ్నను మూసి, దారి చూపిన పేజీకి కూడా తాళం వేయడం మాత్రం సమర్థించలేనిది. అటువంటప్పుడు ప్రశ్న అడిగినవారికి మిగిలేది కోపమే. కోపంతో రాసిన నివేదికలను ఇంజనీర్లు చదవరు, దానితో ఇరువైపులా దూరం పెరుగుతుంది. అందుకని ఈసారి మనం కొత్తగా, వారికి కాదనడానికి వీలులేని నివేదిక పంపుదాము. వెర్షన్ సంఖ్య అంతా, విండోస్ వెర్షన్, ఫాంటు పేరు, నమూనా పేజీ, వచ్చిన పీడీఎఫ్, రావలసిన పీడీఎఫ్, పాత వెర్షన్‌లో సరిగా ఉందన్న రుజువు. ఒక నివేదికలో ఒకే లోపం ఉండాలి. ఆడిటర్ గారి టోకెన్ సంగతి ఇందులో కలపకూడదు.

వత్తులక్షరం (విజయవాడ)

నివేదిక ఇంగ్లీషులోనే పంపాను. దాని సారాంశం ఇక్కడ తెలుగులో పెడుతున్నాను, మీ దగ్గర కూడా ఇలాగే ఉందో లేదో సరిచూడండి.

"కంప్యూటర్‌లో ఉన్న తెలుగు ఫాంటుతో చూపే పేజీని పీడీఎఫ్‌గా దాచితే సంయుక్తాక్షరాలలో రెండవ హల్లు వత్తు రూపంలో రావడం లేదు. తెర మీద సరిగా ఉంది. వెబ్ ఫాంటుతో సరిగా ఉంది. సిస్టమ్ డైలాగ్ ద్వారా సరిగా ఉంది. ఇంతకు ముందు వెర్షన్‌లో మూడు విధాలా సరిగా ఉండేది. తెలుగు చదవలేనివారి కోసం, జతపరిచిన రెండు బొమ్మలలో తేడా ఉన్న చోట్ల ఎర్ర గుండ్రాలు చుట్టాను."

ఆ ఎర్ర గుండ్రాలు చుట్టడానికే ఎక్కువ సమయం పట్టింది. ప్రూఫులు దిద్దే అలవాటు ఇక్కడ పనికి వచ్చింది.

బెంజిసర్కిల్_ఆడిటర్ (విజయవాడ)

నా కష్టం తీరింది, తీరిన విధం చెప్పాలి. కొత్త వెర్షన్‌లో ఏ వెబ్‌సైటయినా మన కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాములతోనో, ఇంటి నెట్‌వర్క్‌లోని పరికరాలతోనో మాట్లాడాలంటే ముందుగా మన అనుమతి అడుగుతుంది. ఆలోచన మంచిదే, ఏదో ఒక సైటు మన రౌటర్‌ను తడిమి చూడకుండా కాపాడుతుంది. మా కుర్రాడు ఆ ప్రశ్న రాగానే, ఇదేదో మోసపు కిటికీ అనుకుని "నిరోధించు" నొక్కాడు. అనుమానం వస్తే వద్దనమని నేర్పినది నేనే, వాడిని ఏమనగలను? ఆ తరువాత బ్రౌజర్ మళ్లీ అడగలేదు, పోర్టల్‌కు కారణం తెలియలేదు. చిరునామా పెట్టె ఎడమ పక్కన గుర్తు నొక్కి, సైటు అనుమతులలో దానిని మార్చగానే టోకెన్ పలికింది.

వెతికితే, ఈ మార్పు గురించి డెవలపర్ల కోసం నడిపే బ్లాగులో చాలా ముందే రాశారు. అంటే చెప్పలేదని అనడానికి లేదు. రిటర్నులు దాఖలు చేసే మనిషి ఆ బ్లాగును ఏ జన్మలో చూస్తాడు? "ఈ సైటు డిజిటల్ సంతకం వంటి ప్రోగ్రాములతో మాట్లాడాలనుకుంటోంది" అని ఆ కిటికీలోనే ఉంటే మా కుర్రాడు అనుమతించి ఉండేవాడు.

అరండల్‌పేట_డీటీపీ (గుంటూరు)

వత్తులక్షరం గారి నివేదికకు మొదటి జవాబు వచ్చింది, అందరూ చూసే ఉంటారు. "ఆశించిన ప్రవర్తనే, ఫాంటులో లోపం కావచ్చు" అని ఒక వాక్యం రాసి మూసివేశారు. గౌతమి, నిర్మలా రెండు ఫాంట్లూ ఒకే రోజున చెడిపోయాయని వారి అభిప్రాయం కాబోలు!

వత్తులక్షరం (విజయవాడ)

మీ వ్యంగ్యాన్ని వారికి పంపకుండా, నేను పాత వెర్షన్ పీడీఎఫ్‌నూ కొత్త వెర్షన్ పీడీఎఫ్‌నూ మరొకసారి పక్కపక్కన పెట్టి, ఫాంటు ఫైలు రెండింటిలోనూ ఒక్కటేనని చూపించాను. ఈసారి మరొక ఇంజనీర్ వచ్చి, నమూనా పేజీతో తన దగ్గర కూడా లోపం కనబడిందని, తమిళంలో కాదు గాని కన్నడంలో కూడా ఇలాగే వస్తోందని రాశారు. నివేదికను తిరిగి తెరిచారు. ధన్యవాదాలు చెప్పారు కూడా.

లినక్స్_లక్ష్మీపురం (గుంటూరు)

నిన్న రాత్రి చిన్న అప్‌డేట్ ఒకటి దిగింది. మా ఇంట్లోని విండోస్ ల్యాప్‌టాప్‌లో నమూనా పేజీ మూడు వరుసలూ సరిగా ప్రింటయ్యాయి. ఇక గమనిక చదవండి: "స్థిరత్వాన్నీ పనితీరునూ మెరుగుపరిచాము."

అరండల్‌పేట_డీటీపీ (గుంటూరు)

నా దుకాణంలో కూడా సరిపోయింది. వత్తులక్షరం గారికి, పరీక్షకుడు గారికి ఎంత చెప్పినా తక్కువే. ఇంత జరిగాక కూడా ఆ గమనికలో తెలుగు, కన్నడ లిపుల ప్రింటు అన్న రెండు మాటలు రాయడానికి వారికి చేతులు రాలేదు. నివేదికకు తిరిగి తాళం పడింది. అందువల్ల నిర్వాహకులకు ఒక విన్నపం: ఈ చర్చకు "పరిష్కృతం" అన్న ముద్ర వేయకండి. ప్రింటు సరిపోయింది గాని, శీర్షికలో రెండవ సగం అలాగే ఉంది.

నిర్వాహకులు

ముద్ర వేయడం లేదు. సిస్టమ్ డైలాగ్ మార్గాన్నీ, ఆడిటర్ గారి అనుమతుల మార్గాన్నీ చర్చ మొదట్లో అందరికీ కనబడేలా పెడుతున్నాము.

తెనాలి_జిరాక్స్ (తెనాలి)

ఇప్పుడే చేరాను. మా దుకాణంలో ఇంకా వత్తులు ఊడుతూనే ఉన్నాయి. కొత్త అప్‌డేట్ వచ్చిందంటున్నారు, మాకు రాలేదు. ఏమి చేయాలి?

అరండల్‌పేట_డీటీపీ (గుంటూరు)

మెనూలో "సహాయం" కింద "గురించి" అన్న పేజీ తెరవండి. తెరవగానే అది అప్‌డేట్ కోసం వెతుకుతుంది. దిగిన తరువాత అన్ని కిటికీలూ మూసి మళ్లీ తెరిస్తే గాని కొత్తది పనిచేయదు. దుకాణాలలో మనం ట్యాబులు రోజుల తరబడి మూయము కదా, చాలాచోట్ల అదే ఆలస్యానికి కారణం. అక్కడా కనబడకపోతే మీ విడత ఇంకా రాలేదని అర్థం, అంతవరకు కంట్రోల్, షిఫ్ట్, పి నొక్కి ప్రింటు ఇవ్వండి. ఈ వారంలో ఇచ్చిన కాగితాలలో "దరఖాస్తుదారు" అన్న గడిని ఒకసారి సరిచూసి, తప్పు పడినవి ఉంటే వాళ్లకు ఫోన్ చేసి మళ్లీ తీసి ఇవ్వండి.